కొత్త ఊరు.. రెండు రోజులు: ఓరుగల్లుకు జంటగా వెళ్లేవారు తెలుసుకోవలసినవి

వరంగల్: ఇద్దరికీ ఒకే వారంలో సెలవు దొరకడం ఉద్యోగస్తులైన దంపతులకు అరుదైన విషయం. ఎలాగో దొరికిన ఆ శని, ఆదివారాలు కూడా తెలియని ఊళ్లో ఆటోల బేరాలకు, గది వెతుకులాటకు, దారి తప్పడానికి ఖర్చయిపోతే మిగిలేది అలసటే. హైదరాబాద్‌కు మూడు గంటల లోపు ప్రయాణ దూరంలో ఉన్న ఓరుగల్లుకు వారాంతాల్లో జంటగా వచ్చే వారిలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే. చూడదగ్గవి లేక కాదు, అన్నీ రెండు రోజుల్లోనే చూడాలని పూనుకోవడం వల్ల ఈ చిక్కు వస్తుంది. శనివారం నగరానికి, ఆదివారం రామప్ప, లక్నవరం దారికి కేటాయించి, రెండింటినీ కలపకుండా ఉంటే ప్రయాణం సుఖంగా సాగుతుంది.

ఒక్క ఊరు కాదు.. మూడు

కొత్తగా వచ్చేవారు మొదట గ్రహించవలసిన సంగతి ఒకటుంది. వరంగల్ అని పిలిచే నగరం నిజానికి వరంగల్, హన్మకొండ, కాజీపేట అనే మూడు పట్టణాల కలయిక. కాకతీయుల తొలి రాజధాని హన్మకొండ. ఆ తరువాత రాజధాని ఓరుగల్లు కోటకు మారింది. కాజీపేట రైల్వే కూడలిగా పెరిగిన ఊరు. పాలనాపరంగానూ 2021లో హన్మకొండ, వరంగల్ పేర్లతో వేర్వేరు జిల్లాలు ఏర్పడ్డాయి. అందువల్ల గది ఎక్కడ తీసుకుంటున్నారో, రైలు ఎక్కడ దిగుతున్నారో ముందే సరిచూసుకోవాలి. ఈ ఒక్క విషయంలో పొరబడితే మొదటి పూటే ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు తిరగవలసి వస్తుంది.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట 132 కిలోమీటర్లు. అక్కడి నుంచి వరంగల్ స్టేషన్ మరో 10 కిలోమీటర్లు. కాజీపేట మీదుగా విజయవాడ వైపు వెళ్లే రైళ్లు ఈ రెండు ఊళ్లనూ దాటుతాయి. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లు మాత్రం కాజీపేట దాటాక ఉత్తరానికి మళ్లుతాయి, వరంగల్‌ను తాకవు. విజయవాడ నుంచి ఢిల్లీ వైపు సాగే రైళ్లలో అత్యధికం వరంగల్‌లో ఆగి, కాజీపేట స్టేషన్‌లోకి రాకుండానే వెళ్తాయి. కోస్తా జిల్లాల నుంచి వచ్చేవారు వరంగల్‌లో దిగడమే మేలు. హైదరాబాద్ నుంచి వచ్చి హన్మకొండలో బస చేసేవారికి కాజీపేట అనుకూలం. బస్సుల్లో వచ్చేవారు ఎక్కువగా హన్మకొండ బస్టాండులోనే దిగుతారు. ములుగు, ఏటూరునాగారం వైపు బస్సులు బయలుదేరేది కూడా అక్కడి నుంచే.

బస విషయంలో జాగ్రత్తలు

రెండో రోజు ములుగు దారి పట్టాలి కనుక హన్మకొండలో గది తీసుకుంటే ఉదయం పూట ప్రయాణం తేలికవుతుంది. గది ఖరారు చేసుకునే ముందు హోటల్‌కు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగాలి. మొదటిది, గది అద్దె చేరిన గంట నుంచి 24 గంటలకా, లేక మధ్యాహ్నం 12 గంటల లెక్కకా అన్నది. మన పట్టణాల్లోని లాడ్జీలు రెండు పద్ధతులూ పాటిస్తాయి. తెల్లవారుజామున దిగేవారు మధ్యాహ్నపు లెక్క ఉన్నచోట గది తీసుకుంటే, కొన్ని గంటల కోసం ఒక రోజు అద్దె అదనంగా చెల్లించవలసి రావచ్చు.

రెండోది గుర్తింపు పత్రాల సంగతి. భార్యాభర్తలిద్దరి అసలు కార్డులూ వెంట ఉండాలి, ఒకరిదే సరిపోతుందని అనుకోరాదు. కొత్తగా పెళ్లయిన వారిలో భార్య కార్డుపై పుట్టింటి చిరునామా, ఇంటిపేరు ఉండటం సర్వసాధారణం. చట్టరీత్యా అది బసకు అడ్డంకి కాదు. అయినా కౌంటరు వద్ద అనవసరమైన ప్రశ్నలు ఎదురై మనసు చివుక్కుమనే సందర్భాలుంటాయి. ముందుగా ఫోన్‌లో చెప్పి, అభ్యంతరం లేదని తెలుసుకున్నాకే సొమ్ము చెల్లిస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. ఇంట్లో పెద్దలకు ఎవరో ఒకరికి హోటల్ పేరు, తిరిగి వచ్చే సమయం చెప్పి బయలుదేరడం ఉభయులకూ క్షేమం.

మొదటి రోజు: నగరంలో

శనివారం ఉదయం ఎండ ముదరకముందే హన్మకొండలోని వేయిస్తంభాల గుడికి చేరుకోవాలి. కాకతీయ రుద్రదేవుడు 1163లో నిర్మింపజేసిన ఈ ఆలయం త్రికూటం. శివుడు, విష్ణువు, సూర్యుడు ఒకే రంగమండపాన్ని పంచుకునే మూడు గర్భాలయాలు ఇందులో ఉన్నాయి. నల్లరాతి నంది, అద్దంలా నునుపు తేలిన స్తంభాలు తప్పక చూడదగినవి. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని పునర్నిర్మాణం కోసం పూర్తిగా విప్పి, రాళ్లకు అంకెలు వేసి, ఏళ్ల తరబడి శ్రమించి తిరిగి నిలబెట్టారు. 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, అది మళ్లీ సందర్శకులకు అందుబాటులోకి వచ్చింది. చిన్నప్పుడు వచ్చి విడివిడి రాళ్లను మాత్రమే చూసి వెళ్లినవారు ఇప్పుడు మరోసారి చూడవచ్చు.

అక్కడికి సమీపంలోనే పద్మాక్షి గుట్ట ఉంది. గుట్ట రాతిపై చెక్కిన జైన శిల్పాలు ఈ ప్రాంతపు మత చరిత్రను చెబుతాయి. ఎక్కవలసిన మెట్లు ఎక్కువే కనుక మోకాళ్ల నొప్పులున్నవారు కింది నుంచే చూసి రావడం మంచిది. మధ్యాహ్నం భోజనం ముగించి గదిలో విశ్రమించాలి. కొత్త ఊరికి వచ్చి పడుకోవడమేమిటని సంకోచించనక్కరలేదు. ఉదయం నుంచి రాత్రి వరకు ఆగకుండా తిరిగిన జంటకు సాయంత్రానికి మాట్లాడుకునే ఓపిక కూడా మిగలదు.

సాయంత్రం మూడున్నర, నాలుగు గంటల మధ్య ఓరుగల్లు కోటకు బయలుదేరాలి. వరంగల్ రైల్వే స్టేషన్ నుంచి కోట దగ్గరే. హన్మకొండ నుంచి వచ్చేవారు మాత్రం నగరం మధ్య రద్దీని దాటవలసి ఉంటుంది కనుక కొంత సమయం కలుపుకోవాలి. బయట మట్టి కోట, లోపల రాతి కోట, వాటి మధ్య జనావాసాలు. కోట లోపల నేటికీ ఊరు సజీవంగా ఉంది. గణపతిదేవుడు, రుద్రమదేవి కాలాల్లో బలపడిన ఈ కోట 1323లో ఢిల్లీ సుల్తాను సైన్యాల వశమైంది. నడుమనున్న స్వయంభూ శివాలయం శిథిలమైనా, దానికి నాలుగు దిక్కుల నిలిపిన కీర్తి తోరణాలు చెక్కుచెదరలేదు. 2014లో తెలంగాణ రాష్ట్ర అధికార చిహ్నంలో చోటు చేసుకున్నది ఈ తోరణమే. పడమటి ఎండ వాలే వేళ రాతి మీది హంసలు, తీగల చెక్కడాలు స్పష్టంగా కనిపిస్తాయి. పక్కనే ఉన్న ఖుష్ మహల్ విశాలమైన కమానుల మందిరం. షితాబ్‌ఖాన్ దీన్ని కట్టించినట్లు చెబుతారు.

చీకటి పడే వేళకు కోట నుంచి బయలుదేరి, వరంగల్, హన్మకొండల మధ్యనున్న భద్రకాళి అమ్మవారి ఆలయాన్ని దర్శించుకుని గదికి చేరవచ్చు. తిరుగుదారిలోనే ఉండటం వల్ల దీనికి వేరే ప్రయాణం అక్కరలేదు. రాత్రి భోజనానికి హన్మకొండలో వేడివేడి జొన్నరొట్టెలు కాల్చి ఇచ్చే చోట్లు ఉన్నాయి. మిఠాయి దుకాణాల్లో సకినాలు, సర్వపిండి దొరుకుతాయి. మరుసటి రోజు దారి కోసం కొన్ని కట్టించుకుంటే ఉపయోగపడతాయి.

రెండో రోజు: రామప్ప, లక్నవరం

ఆదివారం ఉదయం ఆరు గంటలకల్లా గది ఖాళీ చేసి, సామాను కారులోనే పెట్టుకుని బయలుదేరడం ఉత్తమం. అలా చేస్తే సామాను కోసం మధ్యాహ్నం లోపు తిరిగి రావలసిన తొందర ఉండదు. ములుగు దాటాక జంగాలపల్లి వద్ద జాతీయ రహదారిని విడిచి ఎడమకు మళ్లితే పాలంపేట వస్తుంది. హన్మకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు.

గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఇక్కడ రుద్రేశ్వరాలయాన్ని కట్టించాడు. శిల్పి పేరుతో రామప్ప గుడిగా ప్రసిద్ధి చెందిన ఈ ఆలయానికి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. పునాది కింద ఇసుక పరచి కట్టిన విధానం, శిఖరానికి వాడిన నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు దీని ప్రత్యేకతలు. చూరు కింద వాలుగా నిలిచిన మదనికల వద్ద నిదానంగా ఆగాలి. ఇక్కడి నాట్య భంగిమలను, జాయపసేనాని నృత్తరత్నావళిని ఆధారం చేసుకునే నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించారు. మార్గదర్శకుడు అందుబాటులో ఉంటే వెంట తీసుకోవడం మంచిది. వివరించేవారు లేకుంటే అరగంటలో ముగిసే దర్శనం, ఉంటే గంటన్నర పడుతుంది. సమీపంలోని రామప్ప చెరువు కూడా కాకతీయుల నాటిదే.

అక్కడి నుంచి మళ్లీ జాతీయ రహదారికి వచ్చి, చల్వాయి వద్ద మలుపు తీసుకుంటే లక్నవరం చేరవచ్చు. కొండల నడుమ కాకతీయులు కట్టిన చెరువు ఇది. దీవులను కలుపుతూ వేలాడే వంతెన, పర్యాటక శాఖ పడవలు, కుటీరాలు ఉన్నాయి. శనివారం రాత్రి ఇక్కడే గడపాలనుకుంటే కుటీరం ముందుగానే ఖరారు చేసుకోవాలి. అప్పుడు తోరణాల సాయంత్రాన్ని వదులుకోక తప్పదు. పడవ ఎక్కేటప్పుడు రక్షణ జాకెట్ అడిగి వేసుకోవాలి. లోతు తెలియని నీటిలో స్నానానికి దిగడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఫొటో కోసమైనా గట్టు అంచున, తడి రాళ్లపై నిలబడరాదు. అడవి దారి కనుక చాలాచోట్ల ఫోన్ సంకేతాలు అందవు. సాయంత్రం నాలుగు గంటలకు తిరుగు ప్రయాణం మొదలుపెట్టాలి. రాత్రి రైలు ఎక్కేవారు స్టేషన్ చేరేందుకు కనీసం మూడు గంటల వ్యవధి పెట్టుకోవాలి.

ఈ దారికి బస్సుల కన్నా అద్దె కారు అనువైనది. మాట్లాడుకునేటప్పుడు కిలోమీటరు ధర, నిరీక్షణ రుసుము, డ్రైవర్ బత్తా, పార్కింగ్ ఎవరి ఖర్చో స్పష్టం చేసుకోవాలి. రామప్ప, లక్నవరం రెండూ చూస్తామని, ఎన్నింటికి తిరిగి చేరాలో ముందే చెప్పాలి. దారి మధ్యలో పెట్టుకునే బేరం ఖర్చు కంటే ఎక్కువగా ఇద్దరి మధ్య చిరాకును పెంచుతుంది.

ఏది వదులుకోవాలి

పాఖాల సరస్సు అందమైనదే గాని నర్సంపేట వైపు, మరో దిక్కున ఉంది. యాదగిరిగుట్ట, భువనగిరి కోట హైదరాబాద్ దారిలో ఉన్నవి కనుక మరో ఆదివారానికి ఉంచుకోవచ్చు. ఈ మూడింటిలో ఏది కలిపినా రామప్ప వద్ద గడియారం చూసుకుంటూ నిలబడవలసి వస్తుంది.

బయలుదేరే ముందు దంపతులిద్దరూ విడివిడిగా తమకు తప్పనిసరి అనిపించిన రెండేసి చోట్లను కాగితంపై రాసి చూసుకోవడం మేలు. ఒకరు గుడిని, మరొకరు చెరువును కోరుకోవచ్చు. ఒకరికి ఉదయాన్నే లేవడం ఇష్టమైతే మరొకరికి సెలవునాడు నిద్ర కావాలి. ఎదుటివారి ఇష్టానికి మొహమాటంతో తలూపి, తీరా వెళ్లాక ముభావంగా ఉండే బదులు ఇంటి దగ్గరే తేల్చుకుంటే ఆ నాలుగు చోట్లే ప్రణాళిక అవుతుంది. మిగిలినవి దొరికితే చూడాలి, దొరకకుంటే విచారించరాదు.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. ఏప్రిల్, మే నెలల ఎండల్లో రాతి కట్టడాల వద్ద మధ్యాహ్నం నిలబడటం కష్టం. బతుకమ్మ రోజుల్లో వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట వద్ద వేలాది మహిళలు ఆడే దృశ్యం చూడముచ్చటగా ఉంటుంది గాని గదులు దొరకడం కష్టం. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర సమయంలో ములుగు రహదారి భక్తుల వాహనాలతో నిండిపోతుంది. 2024 ఫిబ్రవరిలో, 2026 జనవరి నెలాఖరులో జాతర జరిగింది. ఆ లెక్కన జాతర వచ్చే ఏడాది ఆ వారాలను విహారానికి ఎంచుకోరాదు.

గుర్తుగా తీసుకెళ్లదలచినవారికి వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల జంపఖానాలున్నాయి. వీటికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మడత పెడితే చిన్న సంచిలో ఇమిడే జంపఖానా పరిచినప్పుడు ఇద్దరు కూర్చునేంత వెడల్పు ఉంటుంది. ఇంటి డాబా మీద దాన్ని పరచుకుని కూర్చున్న రోజున తదుపరి ప్రయాణం గురించి మాట్లాడుకోవచ్చు.