ఆహార బయోయాక్టివ్ పెప్టైడ్లు

నాందేడ్ జిల్లాలో ఖరీఫ్ అంటే ముఖ్యంగా సోయాబీనే. తెలుగు వినిపించే ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపూ అంతే. ఎండు గింజలో సుమారు 36–40 శాతం ప్రొటీన్. కడుపులో ఎంజైములు దాన్ని తెంచినప్పుడో, సూక్ష్మజీవులు పులియబెట్టినప్పుడో విడివడే పొట్టి గొలుసులే బయోయాక్టివ్ పెప్టైడ్లు. సాధారణంగా 2 నుంచి 20 అమైనో ఆమ్లాలు. ప్రొటీన్‌లో ఇమిడి ఉన్నంతసేపూ వీటికి పని ఉండదు. పచ్చి సోయాలోని ట్రిప్సిన్ నిరోధకం ప్రొటీన్ జీర్ణానికి అడ్డు, అందుకే గింజలు బాగా ఉడకాలి.

కొన్ని పెప్టైడ్లు రక్తనాళాలు బిగుసుకునేలా చేసే ఏసీఈ ఎంజైమును అడ్డుకుంటాయి. పాలలోని కేసీన్ నుంచి లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్ విడదీసే వీపీపీ, ఐపీపీ వీటిలో పేరున్నవి. పరీక్షల్లో బీపీ తగ్గుదల స్వల్పం, ఫలితాలూ ఒకేలా లేవు. అవి బీపీ తగ్గిస్తాయన్న వాదనను ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఒప్పుకోలేదు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో ఏ బ్యాక్టీరియా ఎంతుందో చెప్పలేం గనక ఆ గుణాన్ని దానికి అంటగట్టడం తొందరపాటే.