క్లోరోఫాం కమిషన్: నా పాత వ్యాసానికి ఒక సవరణ

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం అనుబంధంలో నేనొక వ్యాసం రాశాను. క్లోరోఫాం గుండెను ఆపదు, ఊపిరినే ఆపుతుంది అని ప్రపంచానికి రుజువు చేసి చూపింది మన హైదరాబాదే అని అందులో చెప్పాను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సర్కార్ ఇందుకోసం వెయ్యి పౌండ్లు ఇచ్చిందని ఫఖ్ర్‌గా రాసుకున్నాను. అమ్మీ ఆ కటింగ్‌ని ఆల్బంలో దాచింది. వారం తర్వాత ఒక రిటైర్డ్ డాక్టర్ సాబ్ ఫోన్ చేశారు. "మియా, కిస్సా బాగుంది. కానీ సగమే చెప్పారు" అన్నారు.

మిగతా సగం చదివాక సిగ్గేసింది. తప్పు నిజాందీ కాదు, హైదరాబాద్‌దీ కాదు. సుబూత్ అంటే ఏమిటో అడగకుండా రాసిన నాది.

కిస్సా మొదటి నుంచి చెబుతాను. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంని వాడకంలోకి తెచ్చాడు. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల చనిపోయింది. కాలి గోరు తీయించుకోవడానికి కుర్చీలో కూర్చుంది, అంతే. భయంతో ఏడుస్తున్న ఆ పిల్ల మందు పీల్చిన కొద్ది నిమిషాల్లోనే పోయింది. ఈ ఏడుపు సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

అప్పటి నుంచి డాక్టర్లు రెండు వర్గాలయ్యారు. లండన్‌లో చాలామంది గుండె ఆగి చనిపోతున్నారు, నాడి పట్టుకుని కూర్చోండి అన్నారు. ఎడిన్‌బరో వాళ్లు ఊపిరిని చూస్తే చాలన్నారు. అక్కడ జేమ్స్ సైమ్ దగ్గర చదువుకున్న ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్‌కి రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆయన చేతిలోకొచ్చింది, మొదట్లో ఉర్దూలోనే పాఠాలు చెప్పిన మన మెడికల్ స్కూల్ కూడా. వేల మంది మరీజులకు క్లోరోఫాం ఇచ్చాం, ఒక్కరూ పోలేదన్నది ఆయన దావా.

1888లో మొదటి కమిషన్ కుక్కల మీద తజ్రిబాలు చేసింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడే నిజాం సర్కార్ వెయ్యి పౌండ్లు ఇస్తామంది, మీ మనిషినే పంపండి అంది. లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెకే ప్రమాదమని నమ్మినవాడు. 1889లో రెండో కమిషన్‌లో కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిగాయి. మందు ఎక్కించుకుంటూ పోతే ముందు ఊపిరి ఆగుతోంది, ఆ తర్వాతే గుండె. బ్రంటన్ తన మాట మార్చుకున్నాడు. నేను రాసిన సగం ఇక్కడితో అయిపోయింది.

ఇప్పుడు హిసాబ్. ఆనాటి లెక్కల్లో క్లోరోఫాం చావులు సుమారుగా రెండు మూడు వేల మందిలో ఒకటి. మూడు వేలకు ఒకరనుకుందాం. ఆ మందుని వెయ్యి మందికి ఇస్తే ఒక్క చావూ కనబడకపోయే అవకాశం నూటికి డెబ్బై పైనే. మూడు వేల మందికి ఇచ్చినా, నూటికి 37 సార్లు ఒక్కరూ పోరు. "మా దగ్గర ఎవరూ పోలేదు" అన్న గవాహీ ఝూట్ కానక్కర్లేదు, ఇత్తెఫాఖ్ కావచ్చు. ఇప్పటి లెక్కల వాళ్లకి దీనికో సులువైన సూత్రం ఉంది: మూడుని మరీజుల సంఖ్యతో భాగించండి. మూడు వేల మందిలో సున్నా చావులంటే, అసలు ప్రమాదం వెయ్యికి ఒకటి దాకా ఉండొచ్చు. సున్నా అంటే సున్నా కాదు.

సరే, జంతువుల సంఖ్య పెంచితే? నాలుగు వందలు కాదు, నాలుగు వేలైతే? 1925లో రోనాల్డ్ ఫిషర్ పుస్తకం తర్వాత, నూటికి అయిదు సార్లకు మించి ఇత్తెఫాఖ్‌గా రాని నతీజాని లెక్కలోకి తీసుకోవడం రివాజైంది. కమిషన్ చేతిలో ఆ కొలబద్ద ఉన్నా సుఖం లేదు. నతీజా ప్రతిసారీ ఒకటే వస్తోంది మరి, ఫిషర్ కూడా సలాం చేసేవాడు. సవాలే వేరు. మందు మోతాదు మించితే ఏది ముందు ఆగుతుంది అని వాళ్లు అడిగారు. హన్నా గ్రీనర్ మోతాదు మించి పోలేదు. మత్తు సరిగా ఎక్కక ముందే పోయింది.

1911లో గుడ్‌మన్ లెవీ, థామస్ లూయిస్‌తో కలిసి, పిల్లుల మీద ఇదే చూపించాడు. కొద్దిపాటి క్లోరోఫాంతో గుండె లయ తప్పుతుంది. ఆ స్థితిలో అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె కింది గదులు కొట్టుకోవడం మాని వణుకుతాయి, ప్రాణం క్షణాల్లో పోతుంది. భయపడి ఏడ్చే పిల్ల ఒంట్లో ఊరేది ఆ అడ్రినలినే. అంటే మత్తు లోతుగా ఉన్నప్పటి కంటే పల్చగా ఉన్నప్పుడే గుండెకి ఎక్కువ ముప్పు. కమిషన్ నివేదికకీ దీనికీ మధ్య ఇరవై ఏళ్లు గడిచాయి. గుండెకేం ఫర్వాలేదన్న యకీన్‌తో మందు ఇచ్చిన డాక్టర్లు ఈలోగా ఎందరో.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. లారీ ఊపిరిని చూడమనడం మంచి సలహానే. మోతాదు మించి పోయేవాళ్లను అది కాపాడింది. లెక్క తెగింది ఆయన "ఎప్పుడూ" అన్నచోట. నిజాం సర్కార్ చేసిన పనికీ నా సలాం అలాగే ఉంది: నమ్మనివాడినే పిలిచి, ఖర్చు పెట్టి చూపించింది. ఆ హౌసలా ఇవాళ ఎంతమందికి ఉంది?

డాక్టర్ సాబ్‌కి మళ్లీ ఫోన్ చేశాను. "అయితే సవరణ వేయండి" అన్నారు. పాత వార్తకి చోటు లేదన్నారు పత్రిక వాళ్లు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అమ్మీ ఆల్బం తీసి ఆ కటింగ్ పక్కన పెన్సిల్‌తో "1911 చూడు" అని రాశాను. అందమైన కాగితం పాడు చేశావని ఇంకా అలక మీదే ఉంది.