గడ్డిగులాబి: మండుటెండలో విచ్చుకునే పువ్వు

వేసవిలో కుండీ మొక్కలు చాలావరకు వడలిపోతున్న వేళ విరగబూసే ఏకవార్షిక మొక్క గడ్డిగులాబి. శాస్త్రీయ నామం పోర్టులాకా గ్రాండిఫ్లోరా. పేరులో గులాబి ఉన్నప్పటికీ ఆ కుటుంబంతో దీనికి సంబంధం లేదు. గంగవాయిలి, పావిలి అనే పేర్లతో మనం వండుకునే ఆకుకూరకు ఇది దగ్గరి బంధువు.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్‌లలోని పొడి ఇసుక నేలల్లో సహజంగా పెరుగుతుంది. బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు విలియం జాక్సన్ హుకర్ 1829లో దీనిని శాస్త్రీయంగా వర్ణించారు. ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది. ఎండ ఎక్కాక విచ్చుకుని మధ్యాహ్నం తరువాత ముడుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజున సరిగా విచ్చుకోదు. కేరళలో దీనిని పత్తుమణి, అంటే పదిగంటల పువ్వు, అంటారు. మొక్క స్వభావాన్ని ఇంత క్లుప్తంగా చెప్పే పేరు మరొకటి లేదేమో! రేకులకు రంగునిచ్చేవి బీట్‌రూట్‌లో ఉండే బీటాలైన్ వర్ణకాలే.

నీటి ఎద్దడిని ఇది తట్టుకునే తీరు ప్రత్యేకమైనది. సూదుల్లాంటి కండగల ఆకులు నీటిని నిల్వ చేసుకుంటాయి. సాధారణంగా అధిక ఉష్ణోగ్రతకు అనువైన సి4 కిరణజన్య సంయోగక్రియను అనుసరించే ఈ మొక్క, నీరు కొరవడినప్పుడు రాత్రివేళ కూడా కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించే క్యామ్ విధానాన్ని జోడించుకుంటుంది. ఒకే మొక్కలో ఈ రెండూ కలిసి ఉండటం అరుదు. గంగవాయిలిలో ఈ రెండు ప్రక్రియలూ ఒకే కణాల్లో కలిసి సాగుతున్నాయని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో వెల్లడించారు. కరవును తట్టుకునే పంటల రూపకల్పనకు ఇటువంటి పరిజ్ఞానం కీలకం. పెరటి మొక్కే కదా అని తీసిపారేయడానికి లేదు.

తాగునీటికే కటకట ఏర్పడే నెలల్లో మేడమీది తోటలకు ఇంతకన్నా అనువైన పూలమొక్కలు తక్కువ. ఇసుక కలిపిన మట్టి, అడుగున రంధ్రమున్న కుండీ, రోజుకు కనీసం 6 గంటల ఎండ చాలు. మట్టి పూర్తిగా ఆరిన తరువాతే నీరు పోయాలి; నీరు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. తుంచి గుచ్చిన కొమ్మ సులభంగా వేళ్లూనుకుంటుంది. ముద్దపూల రకాలు కంటికి ఇంపైనవే అయినా, వాటిలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోవడం వల్ల తేనెటీగలకు దొరికే పుప్పొడి తక్కువ. అందువల్ల ఒంటిరేకు రకాలను కూడా నాటడం మేలు. వాటి కాయలు పండి మూత ఊడినప్పుడు నల్లపూసల రంగులో సన్నని విత్తనాలు రాలుతాయి. మొలకెత్తడానికి వెలుతురు అవసరం కనుక వాటిని మట్టిలో లోతుగా పూడ్చకుండా పైపైన చల్లాలి.