బాస్ వేట సామగ్రి

ఉత్తర అమెరికా సరస్సులు, నదులలో సహజంగా నివసించే లార్జ్‌మౌత్ బాస్ అను మంచినీటి చేపను పట్టుటకు వాడే గాలపు కర్ర, రీలు, దారం, ఎరలను బాస్ వేట సామగ్రి అంటారు. ఈ చేప నీటి మొక్కలు, మునిగిన మొద్దుల చాటున పొంచి ఉంటుంది. కనుక సామగ్రి ఎంపిక ముఖ్యంగా చేప దాగే చోటుపైన, ఎర బరువుపైన ఆధారపడి ఉంటుంది.

రీళ్ళు

స్పిన్నింగ్ రీలు: కర్ర క్రింద ఉంటుంది. ఎర విసిరినపుడు దారం చుట్ట తిరగదు, దారం మాత్రమే జారిపోతుంది. తేలిక ఎరలకు, కొత్తవారికి అనుకూలం.

బెయిట్‌కాస్టింగ్ రీలు: కర్రపైన ఉంటుంది. విసిరినపుడు చుట్ట తిరుగుతుంది. ఎర వేగం తగ్గినా చుట్ట ఆగకపోతే దారం చిక్కుపడుతుంది. అందుచేత బొటనవేలితో అదుపు చేస్తారు. బరువైన ఎరలకు, మందమైన దారానికి తగినది.

దారాలు

నైలాన్: చవకైనది, సాగుతుంది. నీటిపై తేలే ఎరలకు మంచిది.

ఫ్లోరోకార్బన్: దీని వక్రీభవన గుణకం సుమారు 1.42; నీటిది 1.33. అందువలన తేటనీటిలో నైలాన్ కన్నా తక్కువగా కనబడుతుంది. నీటిలో మునుగుతుంది.

అల్లిక దారం: పాలిఇథిలీన్ పోగులతో చేస్తారు. దాదాపు సాగదు. దట్టమైన మొక్కల నుండి చేపను లాగుటకు వాడతారు.

డ్రాగ్

చేప గుంజినపుడు దారాన్ని కొంత జారనిచ్చే ఏర్పాటు డ్రాగ్. దీనిని సాధారణంగా దారం బలంలో నాల్గవ వంతు నుండి మూడవ వంతు వరకు బిగిస్తారు. దారం తెగితే గాలం చేప నోటిలోనే మిగిలిపోతుంది. నీటిలో మిగిలిన దారం పక్షులకు, తాబేళ్ళకు చుట్టుకొని ప్రాణాపాయం కలిగిస్తుంది. కావున మొక్కలు దట్టంగా ఉన్న చోట సన్నని దారం వాడరాదు.