మన యూళ్ళ చెరువులు

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చరిత్రవ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఇట్టి సంచికలలో వంశోత్పత్తి, గోత్రములు, బిరుదములు, పూర్వులు చూపిన పరాక్రమము, వీనిని గూర్చి వ్రాయుట పరిపాటి. మేమును లోగడ నట్టివి వ్రాసినవారమే. వానిలో కొన్నిటికి శాసనాధారము కలదు. కొన్నిటికి పెద్దల యుత్సాహమే యాధారము. ఈ పర్యాయము మన పూర్వులు కాపాడి, మనము విడిచిన యూరచెరువులను గూర్చి వ్రాయ నిశ్చయించితిమి.

గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి ప్రత్తికిని మిరపకును బంగారము వంటిది. దాహమునకు మాత్రము కాదు. పలుగ్రామములలో బావి త్రవ్విన నుప్పునీరే పడును. కావున వాననీటిని నిలిపిన చెరువే యూరికి ప్రాణము. త్రాగుట కొకటియు, పశువులకును చాకిరేవునకును వేఱొకటియు నుంచుకొన్న గ్రామములు పెక్కు. మంచినీళ్ళ చెరువులో కాళ్ళు కడుగరాదు, పశువులను దింపరాదు. వేసవిలో నీరింకినప్పుడు రైతులు బండ్లు కట్టి యొండ్రుమట్టిని చేలకు తోలుకొనుచుండిరి. చేనికి సత్తువయు, చెరువునకు లోతును నొక్క పనితోనే సమకూడుచుండెను.

మనవారు చెప్పు సప్తసంతానములలో తటాకమొకటి. పుత్రుడు, కృతి, దేవాలయము, వనము మొదలగువానితో సమానముగా చెరువును సంతానమని యెన్నుటలో లోతైన భావము కలదు. సంతానమును కని విడువరాదు, పెంచవలెను. కడప మండలమున పోరుమామిళ్ళ చెరువుకడ 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడును ఉదయగిరి నేలినవాడును నగు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా రెండేండ్లకు కట్ట పూర్తియయ్యెను. మంచి చెరువునకు వలసిన యంగములు పండ్రెండును, దోషములు ఆరును ఆ శాసనమున చెప్పబడినవి. కట్ట యూటలు పెట్టుట, చవుటినేల, నడుమ మెట్ట, నీటికిని నేలకును పొత్తు కుదురకుండుట దోషములు. రెండు రాజ్యముల సరిహద్దున నుండుటయు దోషమేయట! మొదట చదివినప్పుడు మేము నవ్వుకొంటిమి. తరువాత రెండూళ్ళ పొలిమేరన నున్న చెరువొకటి, పూడిక తీయవలసినవారు మీరనగా మీరని వాదులాడుకొనుచుండగా నెండిపోవుట చూచి, శాసనకర్త యనుభవమునకు నమస్కరించితిమి.

గుండ్లకమ్మకు అడ్డముగా కొండలనడుమ నున్న కంభము చెరువు విజయనగరకాలమునాటిది. కృష్ణదేవరాయల దేవియగు గజపతి రాకుమార్తె కట్టించెనని ప్రసిద్ధి. అంతర్జాతీయ నీటిపారుదల సంఘము 2020లో దానిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించెను.

కట్టించినది ప్రభువులైనను నిలిపినది గ్రామస్థులు. చెరువు త్రవ్వినవానికి, బాగుచేసినవానికి దశబంధమను మాన్యము లభించుచుండెను. తూములు తెరచుటకు, మూయుటకు, వంతుల చొప్పున నీరు పంచుటకు నీరటి యుండెను. గండిపడిన రాత్రి యింటికొకడు పార పట్టుకొని కట్టమీదికి పోవలసినదే. ఈ యాచారమునే దక్షిణదేశమున కుడిమరామత్తని పిలిచిరి. 1858లో చెన్నపురి ప్రభుత్వము దానికై నిర్బంధపు చట్టమొకటి చేసెను. చట్టము వలసినదనగా నాచారము సడలియుండవలెనని మా యూహ.

ఇంతమాత్రము చెప్పి యూరకుండుట యర్ధసత్యమగును. మనము పొగడు నా మంచినీళ్ళ రేవున నందరు కుండ ముంచుటకు వీలులేదు. దళితులు గట్టుక్రింద నిలిచి, ఎవరైన దయతలచి పోసిననే నీరు పట్టుకొనవలసివచ్చెను. అంబేద్కరు 1927 మార్చి 20న మహాడులో వేలమందితో చెరువునీరు త్రాగుట ఈ యన్యాయము మీదనే. దూరదేశపు మాట యేల? మన కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు దళితులు హతులైరి. ఆ కలహమునకు మొదలు మంచినీళ్ళ చెరువును మలినపరచవలదన్న మాట. చెరువును శుభ్రముగా నుంచుమని కోరినవారెవరో, కోపించినవారెవరో సభ్యులే స్మరింతురుగాక. చెరువు చరిత్ర వ్రాయువాడు ఈ పుట చించివేయరాదు.

1832–33 నాటి నందన కరవు గుంటూరు సీమలో లక్షమందికి పైగా పొట్టబెట్టుకొనెను. దానిపిమ్మట 1855 నాటికి బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట లేచెను. మేము బాలురముగా నున్నప్పుడు, 1967లో, నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిరి. ఆ నీరు చూచి మా పెద్దలు కన్నీరు పెట్టుకొన్నారు. మేము దానిని నిందింపము. కాని కాలువ వచ్చిన పిమ్మట చెరువు వేసవికి నింపుకొను తొట్టియయ్యెను. వానకై చూచుట పోయెను, వాగుదారి పూడెను, పూడిక తీయు బండ్లు కరవయ్యెను. నేడు మంచినీరు డబ్బాలలో వచ్చుచున్నది.

ఇట్టి కాలమున గుంటూరునకు సమీపముననున్న ఉప్పలపాడు గ్రామస్థులు చేసినది చెప్పదగినది. పెదకాకాని మండలములోని ఆ చిన్న చెరువున, తుమ్మచెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, కంకణములు వేలకొలది గూళ్ళు కట్టును. రెట్టలు పడిన నీరు మనుష్యులు త్రాగుటకు కొరగాదు, వాసన సరేసరి. గ్రామస్థులు వానిని తోలివేయలేదు, వేటాడనీయలేదు. చెట్లు క్షీణింపగా పక్షులు నిలుచుటకు ఇనుపమంచెలు కూడ నిలిపిరి. అయితే అంత చిన్న చెరువులో నన్ని పక్షులకు చేపలెక్కడివి? అవి మేతకై చుట్టుప్రక్కల చెరువులకును కాలువలకును పోవలసినదే. ఒక్క యూరు పుణ్యమెంత చేసినను, పొరుగూళ్ళ చెరువులు పూడిన ఉప్పలపాటి గూళ్ళు శూన్యములగును.

మా యూరి సంగతియు చెప్పవలెను. మేము ఉపాధ్యాయులముగా నున్న కాలమున అచట మంచినీళ్ళ చెరువును చేపలకు వేలము వేసిరి. ఆ రొక్కముతో బడికి ప్రహరీగోడ కట్టింతుమని పెద్దలు పలికిరి. పాటదారు కోళ్ళయెరువును బండ్లతో పోయించెను. సభలో మమ్ము రెండుమాటలు చెప్పుమన్నారు. తటాకము సంతానమని పిల్లలకు బోధించిన మేము గోడకు ఆశపడి, వేలమును మెచ్చుకొని కూర్చుంటిమి. గోడ నేటికిని చెక్కుచెదరలేదు. నీరు పచ్చబారినది, ఆ రేవున దిగువారెవరును లేరు.

కావున ప్రతినిధులకు మా విన్నపమొకటి. వచ్చునప్పుడు తమతమ గ్రామముల చెరువు సర్వే నంబరు, గ్రామపటమున గల విస్తీర్ణము, నేడు మిగిలిన విస్తీర్ణము, ఆక్రమించినవారు మనవారేని ఆ సంగతియు నొక కాగితముపై వ్రాసి తెచ్చి కార్యాలయమున నొసంగవలెను. వానిని మేము కూర్చి వచ్చు సంవత్సరపు సంచికలో వంశావళుల పుటల ప్రక్కనే ముద్రింప కార్యదర్శిగారు సమ్మతించియున్నారు.