నాయినమ్మ రాజు వేషం

మా ఇంట్లో ఒక రేకు అద్దం ఉంది. అరచేతికంటే కొంచెం పెద్దది. వెనక రేకు తుప్పు పట్టింది, ఒక మూలకు పూత లేచిపోయింది. మౌలాలిలో మేం నాలుగు ఇండ్లు మారినం. నాలుగిండ్లకూ అది మా వెంటే వచ్చింది. రోజూ పొద్దుగాల బడికి పోయేముందు అందులోనే బొట్టు పెట్టుకుంటాను. అది మా నాయినమ్మది. నాయినమ్మ అందులో చూసి బొట్టు పెట్టుకోలేదు. మీసం దిద్దుకుంది.

ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు ముప్పై ఆరేండ్లు పట్టింది.

పోయినేడు ఏడో తరగతి పిల్లల్ని తీసుకొని మౌలాలి గుట్ట దగ్గరికి పోయినం. నేను సోషల్ చెప్పే టీచర్ని. గుట్ట మీది దర్గా సంగతి పిల్లలకు నాకంటే ఎక్కువ తెలుసు. 1578లో గోల్కొండ కొలువులో యాకూత్ అనే ఖోజాకు హజ్రత్ అలీ కలలో కనపడ్డాడని, ఆయన చెయ్యి ఆనిన గుర్తు రాయి మీద దొరికిందని వాళ్ల ఇండ్లల్లో చెప్పుకునే కథే. వాళ్లు చూడనిది గుట్ట కింద ఉన్న మహ్‌లఖా బాయి సమాధి. అక్కడ వాళ్లను కూచోబెట్టి చెప్పిన. ఆమె 1768లో పుట్టింది. అసలు పేరు చందా. రెండో నిజాం నిజాం అలీఖాన్ కొలువులో పాడింది, ఆడింది, ఉర్దూలో గజళ్లు రాసింది. 1792లో తల్లి రాజ్ కన్వర్ కోసం ఈ సమాధి కట్టించింది. 1799లో తన దివాన్ ప్రతి ఒకటి జాన్ మాల్కం అనే కుంపిణీ అధికారికి ఇస్తే అది లండన్ చేరింది. 1824లో చనిపోతే ఆమెను తల్లి పక్కనే పెట్టిన్రు. ఆమె జాగీరు భూముల్లోనే తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ కొంత భాగం లేచింది. నిజాం వెంట మగవేషంలో యుద్ధాలకు కూడా పోయిందని చరిత్ర రాసినవాళ్లు చెప్తారు.

మగవేషం అనంగనే ముందు వరసల పిల్ల లేచి నిలబడింది. "టీచర్, ఆడోళ్లు మగ ఏషం ఏస్తరా? ఎవ్వరూ నవ్వరా?"

"మా నాయినమ్మ ఏసేది బిడ్డా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన ఇద్దరు టీచర్లు నిలబడి ఉన్నరు. మింగేసిన. "రాజుల కాలం కదా, అట్లుండేది" అని దాటేసిన. పిల్ల కూచుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సమాధి ఉన్న ఆడమనిషి గురించి తారీఖులతో సహా చెప్పిన. సొంత నాయినమ్మ గురించి ఒక్క మాట చెప్పలేకపోయిన. ఈ వ్యాసం ఆ పిల్లకు నేను బాకీపడ్డ జవాబు.

మేం చిందోళ్లం. ప్రభుత్వం షెడ్యూల్డు కులాల జాబితాలో సిందోళ్లు, చిందోళ్లు అని రాసుకుంది. మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగ వాడలే మాకు మిరాశి. ఫలానా ఊళ్లు ఫలానా మేళానివి అని తాతల నాడే పంచుకున్నరు. పంటలు ఇంటికి వచ్చినంక మేళం ఆ ఊరికి పోవాలె. వాడ నడుమ యక్షగానం ఆడాలె. గింజలో పైసలో త్యాగం తీసుకొని ఇంకో ఊరికి కదలాలె. ఆట ఆడేది ఇంటిల్లిపాది. అత్త, కోడలు, కొడుకు, మనవడు అందరికీ వేషముంటది. వేరే మేళాల్లో మగవాళ్లు ఆడవేషం కట్టిన కాలంలోనే మా మేళాల్లో ఆడవాళ్లు గజ్జె కట్టిన్రు. ఆడ పాత్రలే కాదు, మగ పాత్రలు కూడా కట్టిన్రు.

ఊరు చెప్పే కథల్లో మాదిగ ఎక్కడుంటడు? ఉంటే గింటే చెప్పులు పట్టుకొని దూరంగ నిలబడి ఉంటడు. మా జాంబపురాణంలో మాదిగల మూలపురుషుడు జాంబవుడు. భూమి పుట్టకముందు ఆర్నెల్లకు పుట్టినోడు. బ్రాహ్మణునితో వాదానికి దిగుతడు. ఎవరు ముందు పుట్టిన్రు, ఎవరు పెద్ద అని నిలదీస్తడు. పొద్దంత దొర ఇంట్ల వెట్టి చేసి, ఊరోళ్ల చెప్పులు కుట్టి వచ్చినోళ్లు రాత్రిపూట తమ పెద్దమనిషి గెలుస్తుంటే కండ్లార చూసేవాళ్లు. ఊళ్లో ఏ అద్దంలోనూ కనపడని తమ మొఖం వాళ్లకు ఆ ఆటలో కనపడేది.

అయితే పొగిడి ఊరుకుంటే అబద్ధమైతది. వాళ్ల మొఖం వాళ్లకు చూపించిన మమ్మల్ని ఆ వాడ కూడ తనకు సమానంగ కూచోబెట్టలేదు. అడుక్కతినేటోళ్లన్నది. అంటరానితనంలోనూ మెట్లు కట్టింది ఈ దేశం. మేం కింది మెట్టు మీద నిలబడి పై మెట్టు పురాణం పాడినం. ఇది మన ఉద్యమాలు ఓపికతో వినాల్సిన మాట.

మాది జనగామ దిక్కు ఊరు. నాయినమ్మ పన్నెండేండ్లకే మేళంల గజ్జె కట్టింది. సారంగధర ఆటలో రాజరాజనరేంద్రుడి వేషం ఆమెదే. చిందు మేళంలో ఎవరి మొఖం వాళ్లే రాసుకోవాలె. రాతి మీద నీళ్లు చల్లి అర్దళం నూరేది. ఆ పసుపుపచ్చ రంగు మొఖానికి పట్టించేది. కాటుకతో కనుబొమ్మలు సాగదీసి, మీసం తిప్పేది. ఒక చేతిల రేకు అద్దం, ఒక చేతిల పుల్ల. సగం మీసం అయినంక అద్దాన్ని దూరం పట్టి తల పక్కకు వంచి చూసుకునేదట. అప్పటి నుంచి ఆమెతో ఎవరూ మాట్లాడొద్దు. కొడుకు ఏడ్చినా పలికేది కాదు. "సగం మీసం ఎక్కినంక నేను మీ అవ్వను గాదురా, రాజును" అనేదని మా నాయిన చెప్పేటోడు.

తర్వాత సొమ్ములు. కిరీటం, భుజకీర్తులు, ఛాతికి పేర్లు. అన్నీ తేలిక చెక్కతో చేసినవే. మీద బంగారు రంగు కాగితం, నడుమ నడుమ అద్దం బిళ్లలు. బరువు చెక్కయితే తెల్లారేదాక ఎగరలేరు. కాగడాల కాలంలో గానీ, తర్వాత గ్యాసులైట్ల కాలంలో గానీ ఉన్న కొద్ది వెలుతురును పట్టి వాడంత చల్లేది ఆ బిళ్లలే. రాజు తిరిగినప్పుడల్లా గోడల మీద చుక్కలు పరుగెత్తేవి.

నేను పెద్దగయినంక ఒకసారి అడిగిన, "నాయినమ్మా, నీకు రాజు ఏషమే ఎందుకు ఇష్టం?" అని. చాలాసేపు ఊకుంది. "రాజు ఏషంల ఉన్నంతసేపు నన్ను ఎవ్వడు చెయ్యి పట్టి గుంజలే బిడ్డా" అన్నది. అంతే అన్నది.

ఆ ఒక్క మాట అర్థం కావాలంటే చిందు ఆడవాళ్ల బతుకు తెలవాలె. ఆడి పాడే ఆడది అందరి సొమ్ము అనుకునేవాళ్లు ఊళ్ల పెద్దలు. దేవుని పేరు పెట్టి జోగినిని చేసినా, చెయ్యకున్నా వాళ్ల చూపు ఒక్కటే. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఈ దురాచారం మీద ఎప్పుడో కొట్లాడిండు. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. అప్పటికి మా నాయినమ్మ వయసు అయిపోయింది. ఆమెకు చట్టం లేని రోజుల్లో మీసమే కాపలా. మహ్‌లఖా బాయి మగ బట్టలు కట్టి నిజాం పక్కన గుర్రం ఎక్కింది, జాగీర్లు పొందింది. మా నాయినమ్మ మగ బట్టలు కట్టి ఒక రాత్రి తన ఒళ్లు తాను కాపాడుకుంది. ఇద్దరూ కళాకారిణులే. ఇద్దరి వేషాల మధ్య ఉన్న దూరం పేరే కులం.

నేను ఆమె ఆట చూసింది ఒక్కసారే. 1996. అప్పటికే ఊళ్లకు టీవీలు వచ్చినయి, మేళాన్ని పిలిచేటోళ్లు తక్కువైన్రు. నాకు ఏడేండ్లు. ముందట కూచొని రాజు ఛాతి మీది అద్దం బిళ్లల్లో నా మొఖం కోసం వెతుక్కున్న. దొరకలేదు, రాజు నిలబడితే కదా! తెల్లారి నాయినమ్మ వెంట జోలె పట్టుకొని తిరిగిన. చెవుల వెనక అర్దళం ఇంకా పోలేదు. వాడ అయిపోయి ఒక పెద్దింటి ముందటికి పోయినం. రాత్రి దూరంగ మంచమేసుకొని ఆట చూసిన ఆసామే అరుగు మీద ఉన్నడు. "ఏమే ముసల్దానా, రాత్రి బాగ కూసినవ్" అన్నడు. రాత్రంతా మీసం మీద చెయ్యి తీయని మనిషి, ఆ చేతులు జోడించి "నీ బాంచెన్ దొరా" అన్నది. నేను ఆ రోజు నుంచి వేషాలంటే అసహ్యించుకున్న. అసహ్యించుకోవాల్సింది వేషాన్ని కాదని తెలుసుకోవడానికి చాలా చదువు కావాల్సి వచ్చింది.

మా నాయిన రైల్వేల ఖలాసీ. జనగామలో ప్యాసింజరు ఎక్కితే భువనగిరి, ఘట్‌కేసర్ దాటి మౌలాలి. ఆ దారినే వచ్చి ఇక్కడ క్వార్టర్ల స్థిరపడ్డడు. వేషాల పెట్టె మంచం కింద పెట్టిన్రు. నాయినమ్మ సాయంత్రంపూట గడప మీద కూచొని పదం ఎత్తుకునేది. ఒకనాడు నా క్లాసు పిల్ల విని "మీ నాయినమ్మ ఏం పాడుతది?" అని అడిగింది. "భజన మండలిల పాడేది" అన్న. నాయినమ్మ విన్నది. పదం ఆపింది. నేను ఇంట్ల ఉన్నప్పుడు మళ్లీ పాడలేదు. 2007లో చనిపోయింది. చివరి రోజుల్లో మొఖం నిండ నల్లమచ్చలు. అర్దళం ఆర్సెనిక్ కలిసిన విషపు రాయి అని నేను తర్వాత చదువుకున్న. మచ్చలు దానివేనని చెప్పలేను. ఏండ్ల తరబడి ఆమె మొఖానికి రాసుకున్నది మాత్రం అదే.

2010లో నాయిన రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు నేను బి.ఇడి. చదువుతున్న. కిరాయి ఇంటివాళ్లు ముందే "మీరేమిట్లు?" అని అడిగిన్రు. అబద్ధం చెప్పి ఇల్లు తీసుకున్నం. ఆ ఇంట్లకు వేషాల పెట్టె ఎట్ల తీసుకపోతం? పాత సామాన్లాయన్ని నేనే పిలిచిన. ఆయన కిరీటాన్ని చేతిలోకి తీసుకొని "ఇది తూకానికి రాదమ్మా, చెక్క మరీ తేలిక" అన్నడు. రేకు పెట్టెకు పైసలిచ్చిండు. సొమ్ములు ఊరికే తీసుకపోయిండు. అద్దం మిగిలింది, పనికొస్తదని.

తర్వాత డి.ఎస్సీ. రాసిన. కుల ధ్రువీకరణ పత్రం పెట్టే ఉద్యోగంలో చేరిన. ఫైలుకు నా కులం తెలుసు, స్టాఫ్ రూంకు తెలువదు. రోజూ రేకు అద్దం ముందు నిలబడి గంజిపెట్టిన చీర, చిన్న బొట్టు, పుస్తక భాష సర్దుకొని పోయిన. నాయినమ్మ రాత్రి వేషం కట్టి పొద్దున కడుక్కునేది. నేను పొద్దున కట్టి రాత్రికి కూడ కడుక్కోలేదు.

పేర్లు మార్చుకోవడం, పెట్టుకోవడం మన చరిత్రలో చిన్న సంగతి కాదు. 1917లో బెజవాడ సభలో పంచములమన్న పేరు తీసేసి ఆది ఆంధ్రులమని పేరు పెట్టుకున్నరు. ఆ సభకు అధ్యక్షుడు భాగ్యరెడ్డివర్మే, పుట్టుకతో మాదరి భాగయ్య. 1994లో దండోరా మొదలైనంక వేలమంది పిల్లలు పేరు చివర మాదిగ అని రాసుకున్నరు. తిట్టుగ విన్న మాటను సంతకం చేసిన్రు. నిజామాబాద్ జిల్లాలో చిందుల ఎల్లమ్మ కులం పేరునే ఇంటిపేరు చేసుకొని లోకానికి తెలిసింది, 2005లో పోయింది. 2024లో మా జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. ఆ వార్త వచ్చిన రోజు స్టాఫ్ రూంలో పేపరు చేతులు మారింది. "మన తెలంగాణ కళ" అన్నరు. నేను కూడ తలూపిన. కళ అందరిదయ్యింది, కులం ఒక్క మాదే మిగిలింది. బిరుదులొచ్చినప్పుడు మెచ్చుకునే ఈ సమాజం ఆ కళను అన్ని తరాలు ఆకలితో ఎందుకు ఆడించిందో కూడ చెప్పాలె. చరిత్ర పాఠం అక్కడ మొదలు కావాలె.

గుట్టకు పోయొచ్చిన తర్వాతి సోమవారం రేకు అద్దాన్ని సంచిలో పెట్టుకొని బడికి పోయిన. ఏడో తరగతిలో పాఠం మొదలుపెట్టకముందే ఆ పిల్లను లేపిన. "మొన్న అడిగినవు కదా, ఆడోళ్లు మగ వేషం వేస్తరా అని. మా నాయినమ్మ వేసేది. మేం చిందోళ్లం" అన్న. నా గొంతు నాకే కొత్తగ వినపడ్డది. అద్దం చేతులు మారింది. ఒకడు అందులో చూసుకొని లేని మీసం తిప్పిండు. అందరూ నవ్విన్రు, నేనూ నవ్విన. ఎగతాళి నవ్వు ఎట్లుంటదో నాకు తెలుసు. అది అట్లాంటిది కాదు.

ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. అద్దం తిరగేసి చూసి, "రాజుకు కిరీటం ఉంటది గద టీచర్, అదేది?" అని అడిగింది.

ఈసారి దాటేయలేదు. "నేనే పారేసిన బిడ్డా. సిగ్గుపడి పారేసిన" అని చెప్పిన.