స్క్రాప్‌బుక్కుల కాలం

2004 జనవరిలో గూగుల్ ఓ కొత్త సైటు తెరిచింది. దానికి తయారుచేసిన ఇంజినీరు పేరే పెట్టారు. ఆయన ఆర్కుట్ బుయుక్‌కోక్టెన్, టర్కీలో పుట్టి స్టాన్‌ఫోర్డ్‌లో చదువుకున్నవాడు. పనివేళల్లో ఐదోవంతు సొంత ఆలోచనలకు వాడుకోవచ్చని గూగుల్ తన ఉద్యోగులకిచ్చిన వెసులుబాటులోంచి పుట్టిందా సైటు. మరుసటి నెలలోనే హార్వర్డ్‌లో మార్క్ జుకర్‌బర్గ్ ఫేస్‌బుక్ మొదలుపెట్టాడు. ఒకటి పెద్ద కంపెనీ బిడ్డ, ఇంకొకటి హాస్టల్ గదిలో పుట్టింది. పందెం కాయమంటే అప్పట్లో ఎవరైనా ఆర్కుట్ మీదే కాసేవారు.

అమెరికా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నెత్తిన పెట్టుకున్నది బ్రెజిల్, ఆ తర్వాత మనం. మొదట్లో లోపలున్నవాళ్లు పిలిస్తేనే ప్రవేశం. ఆ పిలుపు అందుకోవడమే ఓ గొప్ప.

మన ఊళ్లలో ఇంజినీరింగ్ కుర్రాళ్లు నెట్ సెంటర్ల చెక్క క్యాబిన్లలో కూర్చుని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకున్నది ఇక్కడే. స్నేహితుడు ఎంత నమ్మకస్తుడో నవ్వుముఖాలతో, ఎంత ‘కూల్’ అన్నది ఐస్‌ముక్కలతో కొలిచేవాళ్లు. మన గురించి స్నేహితులు రాసిపెట్టే టెస్టిమోనియల్ అయితే కాళ్లూ వేళ్లూ పట్టుకుని రాయించుకోవాల్సిందే. హీరోల అభిమాన కమ్యూనిటీల్లో రికార్డుల గొడవలు తెల్లవార్లూ నడిచేవి. ఆ తర్వాతి ట్విట్టర్ ఫ్యాన్‌వార్లకు ఓనమాలు అక్కడే దిద్దారంటే కాదనేవాళ్లుండరు.

అసలు కిటుకంతా స్క్రాప్‌బుక్‌లో ఉంది. నీకు చెప్పాల్సింది నీ పుస్తకంలో రాస్తాను, జవాబు నువ్వు వచ్చి నా పుస్తకంలో రాస్తావు. మాటలో సగం నీ దగ్గర, సగం నా దగ్గర. మూడోవాడికి మన ముచ్చట అర్థం కావాలంటే ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన తెరుచుకు చదవాలి. చదివేవాళ్లు కూడా! ఎవరి ప్రొఫైల్‌కు ఎవరెళ్లారో కూడా కనిపించేది. ‘నా ప్రొఫైల్ చూసింది’ అన్న ఒక్క ముక్క పట్టుకుని వారం రోజులు గాల్లో తేలిన కుర్రాళ్లున్నారు.

ఆ బాహాటమే మెడకు చుట్టుకుంది. స్క్రాప్‌లు ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు. ఫోటో పెట్టిన ఆడపిల్లకు ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి ‘ఫ్రెండ్‌షిప్ చేస్తావా’ స్క్రాప్‌లు వరసకట్టేవి. దొంగ ప్రొఫైళ్లు సరేసరి. తాళాలు వేసుకునే సౌకర్యం వచ్చిందిగానీ, ఆలస్యంగా వచ్చింది.

ఈలోగా ఫేస్‌బుక్ 2006 సెప్టెంబరులో రెండు పనులు చేసింది. కాలేజీ గోడ దాటి అందరికీ తలుపులు తీసింది. న్యూస్ ఫీడ్ పెట్టింది. ఆర్కుట్‌లో కబురు తెలియాలంటే ఇల్లిల్లూ తిరగాలి. ఫేస్‌బుక్‌లో ఊరి కబుర్లన్నీ పాలప్యాకెట్‌లా పొద్దున్నే గుమ్మంలో పడతాయి. ఆర్కుట్ ఓడిపోయింది ఇక్కడేనని నా లెక్క. రంగులూ హంగులూ తర్వాత సంగతి.

2010 జులైలో కామ్‌స్కోర్ అనే సర్వే సంస్థ లెక్కల ప్రకారం భారత్‌లో ఫేస్‌బుక్‌కు 2.09 కోట్ల మంది వస్తే, ఆర్కుట్‌కు 1.99 కోట్ల మంది. అదే ఏడాది ఫేస్‌బుక్ మన హైదరాబాద్‌లో ఆఫీసు తెరిచింది. బ్రెజిల్ మరో ఏడాదిన్నర నిలబడి, 2011 డిసెంబరుకి అదీ చేతులెత్తేసింది. అప్పటికే గూగుల్ కన్ను తన కొత్త సైటు గూగుల్ ప్లస్ మీద పడింది. అదీ 2019లో మూతపడింది. డబ్బు పోస్తే నిలబడతాయా అంటే, 2005లో న్యూస్ కార్పొరేషన్ 58 కోట్ల డాలర్లు పెట్టి కొన్న మైస్పేస్ అనే మరో సైటు 2011లో దాదాపు మూడున్నర కోట్ల డాలర్లకు చేతులు మారింది.

2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. గూగుల్ మూడు నెలల ముందే చెప్పింది, ఫోటోలు దింపుకోవడానికి ఆ తర్వాత కూడా రెండేళ్ల గడువిచ్చింది. అయినా అప్పటికే వేరేచోట కాపురం పెట్టినవాళ్లలో ఎందరో ఆ వైపు తొంగి చూడలేదు. తొలి ప్రేమ స్క్రాప్‌లూ, రూమ్మేట్ రాసిన టెస్టిమోనియళ్లూ అలాగే పోయాయి. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు ఆ పాటి వ్యవధి కూడా దొరకలేదు.

మీరు వాడే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగుల్లో మీ సమాచారం మొత్తం డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. వాటిలో పెళ్లి ఫోటోలు, పోయినవాళ్ల మెసేజ్‌లు ఉంటే ఈ ఆదివారమే దింపి సొంత హార్డ్‌డిస్కులో పెట్టుకోండి.